వైద్యవ్యయము, బీమాసొమ్ము, పన్ను మినహాయింపు

2025 జూలై 14వ తేదీన ఆదాయపుపన్ను శాఖవారు దేశమున 150 స్థలములలో తనిఖీలు జరిపిరి. రిటర్నులలో బూటకపు మినహాయింపులు చూపి పన్ను వాపసు పొందినవారిని, వారికి ఆ విద్య నేర్పిన మధ్యవర్తులను పట్టుకొనుటయే ఆ తనిఖీల యుద్దేశము. దుర్వినియోగమగుచున్నవని శాఖవారు ప్రకటించిన సెక్షనులలో ఇంటి అద్దె, విరాళములు, విద్యాఋణము మొదలగువాని సరసన వైద్యసంబంధమైన సెక్షనులును రెండు గలవు. ఒకటి ఆరోగ్యబీమా ప్రీమియమునకు సంబంధించిన 80డి. రెండవది ఘోరవ్యాధుల చికిత్సకు సంబంధించిన 80డిడిబి. దొంగలెక్కలు వ్రాసినవారిని దండించుట న్యాయమే. దానిని మేము కాదనము. కాని నిజముగా జబ్బుపడి, నిజముగా ధనము వ్యయించి, బీమాకంపెనీనుండి కొంత రాబట్టుకొని, చేతినుండి పోయిన శేషమునకు చట్టప్రకారము మినహాయింపు కోరు గృహస్థునకు ఈ రెండు సెక్షనులు ఇచ్చుచున్నదేమి? దొంగను గూర్చి జరిగిన చర్చలో పదియవ వంతైనను దొరను గూర్చి జరుగలేదు.

మొదట సూత్రమును నిర్ణయించుకొందము. వైద్యవ్యయమునకు పన్నులో సడలింపు ఎందుకీయవలెను? ఇద్దరు గృహస్థుల ఆదాయము సమానమే యనుకొందము. ఒకని యింట అందరును ఆరోగ్యవంతులు. రెండవవాని యింట మంచముపట్టిన రోగి. ఈ రెండవవాడు చేయు ఖర్చు విలాసమునకు గాదు, ఇష్టముచే చేయునదియు గాదు. అతనికి పన్ను చెల్లించు శక్తి అంతమేరకు తగ్గినది. శక్తినిబట్టి పన్ను వేయుట న్యాయము గనుక, ఆ ఖర్చును ఆదాయమునుండి తగ్గించి లెక్క కట్టవలెను. రెండవ సూత్రమును ఇందుండియే పుట్టును. ఆ ఖర్చును బీమాకంపెనీ తిరిగి యిచ్చినచో అంతమేరకు అతని శక్తి తగ్గనేలేదు. చేతికి తిరిగివచ్చిన రూపాయిపై మరల పన్ను మినహాయింపు కోరుట ఒకే ధాన్యమును రెండుమార్లు కొలిపించుకొనుట వంటిది. ఇంతవరకు వివాదము లేదు. వివాదమంతయు ఆ తీసివేతను ఎక్కడ చేయవలెననుటలో నున్నది. చేసిన ఖర్చులోనుండి బీమాసొమ్మును తీసివేయవలెనా, లేక చట్టము నిర్ణయించిన గరిష్ఠపరిమితిలోనుండి తీసివేయవలెనా? ఇది గుమాస్తాలకు విడువదగిన చిన్నలెక్కవలె కనబడును. రోగి యింటివారికి మాత్రము ఫలితము తారుమారగును.

ఈ లెక్కను సక్రమముగా చేయుచున్న దేశము ఒకటి కలదు. ఐర్లండు దేశమున వైద్యవ్యయమునకు నూటికి 20 చొప్పున పన్నులో తగ్గింపు ఇత్తురు. గృహస్థుడు తన ఖర్చంతయు కూడి, అందుండి బీమాకంపెనీ యిచ్చిన సొమ్మును తీసివేసి, మిగిలినదానికి తగ్గింపు కోరుకొనును. సంవత్సరము గడచిన తరువాత నాలుగేండ్లలోపల ఎప్పుడైనను కోరవచ్చును. బీమా ప్రీమియమునకు వేరొక తగ్గింపు కొంత పరిమితికి లోబడి కలదు. దానిని కంపెనీయే ప్రీమియములో తగ్గించి వసూలు చేయును. అనగా బీమా కట్టినందుకు ఒక సడలింపు, బీమా తీర్పజాలని ఖర్చునకు వేరొకటి. ఒకటి పొందుట రెండవదానికి అడ్డుకాదు. డబ్లిను నగరమున ఉద్యోగములు చేయుచున్న మన తెలుగు బిడ్డలు ఈ సౌకర్యమును ఏటేట వాడుకొనుచున్నవారే. వారి తల్లిదండ్రులు మన జిల్లాలలో నుండి ఏమి పొందుచున్నారో చూతము.

ముందుగా ఒక మాట. 1961 నాటి శాసనమునకు బదులుగా పార్లమెంటు 2025లో నూతన ఆదాయపుపన్ను శాసనమును ఆమోదించినది. దాని అమలునకు 2026 ఏప్రిల్ 1వ తేదీ నిర్ణయమైనది. అందు సెక్షనుల సంఖ్యలు మారినవి. భాషను సులభము చేయుటయేగాని పన్నువిధానమును మార్చుట దాని యుద్దేశము కాదని ప్రభుత్వమువారే చెప్పిరి. పాఠకులకు పరిచితములగుటచే ఇచ్చట పాత సంఖ్యలనే వాడుచున్నాము.

80డిడిబి సెక్షను క్రింద కాన్సరు, మూత్రపిండముల దీర్ఘవైఫల్యము, హీమోఫిలియా, తలసేమియా, నూటికి 40 వంతులు గాని అంతకు మించి గాని వైకల్యము గల నరములవ్యాధులు మొదలగు కొన్ని జబ్బులకు మాత్రమే మినహాయింపు కలదు. తగిన నిపుణవైద్యుడు వ్రాసియిచ్చిన చీటీ యుండవలెను. రోగి 60 ఏండ్లలోపు వాడైనచో గరిష్ఠపరిమితి రూ.40,000, 60 దాటినచో రూ.1,00,000. ఈ పరిమితి ఎంత స్వల్పమో కాన్సరు వైద్యమునకు హైదరాబాదు పోయివచ్చిన ప్రతి కుటుంబమునకు తెలియును. ఐనను మా ఆక్షేపణ పరిమితిని గూర్చి గాదు. దాని క్రింద చేర్చిన నిబంధనను గూర్చి. బీమాకంపెనీ యిచ్చిన సొమ్మును గాని, యజమాని తిరిగి చెల్లించిన సొమ్మును గాని ‘మినహాయింపు’నుండి తగ్గింపవలెనని ఆ నిబంధన చెప్పుచున్నది. ‘ఖర్చు’నుండి యని చెప్పలేదు. విషమంతయు ఈ ఒక్కమాటలో నున్నది.

ఒక ఉదాహరణము గైకొందము. తాండూరులో ఒక వర్తకుని తల్లికి 68 ఏండ్లు. ఆమె కాన్సరు చికిత్సకు ఆ సంవత్సరము రూ.5,00,000 వ్యయమైనది. ఆమె పేర చిరకాలముగా పాలసీ కలదు. కంపెనీ రూ.3,00,000 ఇచ్చినది, గది అద్దె హద్దుమీరినదనియు, ఫలానా వస్తువులు పాలసీలో చేరవనియు మిగిలినది కొట్టివేసినది. కుమారుని చేతినుండి పోయినది రూ.2,00,000. ఐర్లండు లెక్క ప్రకారమైనచో ఈ రెండు లక్షలపై నూటికి 20 చొప్పున రూ.40,000 పన్ను తగ్గును. మన లెక్క యేమి? పరిమితి రూ.1,00,000. అందుండి కంపెనీ యిచ్చిన రూ.3,00,000 తీసివేయవలెను. శేషము శూన్యము. రెండు లక్షలు పోగొట్టుకొన్నవానికి ఒక్క రూపాయి మినహాయింపును లేదు.

అదే వీధిలో వేరొక వర్తకుని తల్లికి అదే వయస్సు, అదే వ్యాధి. ఆమెకు పాలసీ లేదు. చికిత్స అంత భారీగా చేయింపలేక అతడును రూ.2,00,000 మాత్రమే వ్యయించెను. చేతినుండి పోయినది ఇద్దరికిని సమానమే. ఈ రెండవవానికి రూ.1,00,000 పూర్తిగా మినహాయింపు లభించును. పాతవిధానమున నూటికి 20 పన్ను అంతస్తులో నున్నచో సెస్సుతో కూడ రూ.20,800 మిగులును. ఏండ్లతరబడి ప్రీమియము కట్టినవానికి సున్న, కట్టనివానికి ఇరువదివేలు. ముందుచూపు గలవానిని ఓడించి, లేనివానిని గెలిపించు ఈ పందెమును ఎవ్వరు బుద్ధిపూర్వకముగా ఏర్పరచిరని మేమనము. వాక్యమును కూర్చినవారి అజాగ్రత్తయే కావచ్చును. కాని అజాగ్రత్త శాసనమైన పిదప ఫలితము రోగికే.

ఇక 80డి సెక్షను. ఇది 1986 నాటి ఫైనాన్సు చట్టముచే ఏర్పడినది. మెడిక్లెయిము పాలసీ మన దేశమున వెలువడినదియు ఆ సంవత్సరమే. ప్రజలను బీమావైపు త్రిప్పుటయే దీని జన్మకారణము. తనకు, భార్యాబిడ్డలకు కట్టిన ప్రీమియము రూ.25,000 వరకు, వృద్ధులు చేరియున్నచో రూ.50,000 వరకు ఆదాయమునుండి తగ్గును. తల్లిదండ్రుల ప్రీమియమునకు వేరుగా అంతే పరిమితి కలదు. ఇచ్చట ఒక సందేహము తరచు వినబడును: కంపెనీనుండి క్లెయిము సొమ్ము వచ్చినచో ఆ ఏటి ప్రీమియము మినహాయింపు పోవునా? పోదు. ప్రీమియము కట్టినందుకు గల హక్కు వేరు, క్లెయిము వేరు. ఆసుపత్రి ఖర్చునకై కంపెనీ తిరిగియిచ్చిన సొమ్ము ఆదాయమును గాదు. నష్టమునకు పూరణము మాత్రమే. ‘వాపసు’ అను ఒకే మాటను బీమాసొమ్మునకును, పన్నుశాఖ త్రిప్పియిచ్చు సొమ్మునకును వాడుటచే ఈ గందరగోళము పెరిగినది.

60 ఏండ్లు దాటిన వృద్ధులకు ఈ సెక్షనులోనే వేరొక సౌకర్యము కలదు. బీమా లేనివారు తమ వైద్యవ్యయమునే రూ.50,000 వరకు చూపవచ్చును. నగదుగా చెల్లించినది మాత్రము పనికిరాదు. వినుటకు ఇది దయగల నిబంధనయే. కాని ఆ వృద్ధుని ఆరోగ్యబీమాకై ఎట్టి సొమ్మును చెల్లింపనిచోనే ఈ హక్కు కలుగునని శాసనము షరతు పెట్టినది. వికారాబాదులో పింఛనుపై జీవించు 70 ఏండ్ల ఉపాధ్యాయుడు రూ.30,000 ప్రీమియము కట్టి, కంపెనీ తిరస్కరించిన మందులకు, పరీక్షలకు మరి రూ.45,000 వ్యయించెననుకొందము. అతడు మొత్తము రూ.75,000 ఇచ్చుకొన్నాడు. మినహాయింపు రూ.30,000 మాత్రమే. పరిమితిలో ఇంకను రూ.20,000 ఖాళీగా నున్నను దానిని తాకుటకు వీలులేదు. పొరుగింటివాడు పాలసీయే తీసికొనక రూ.50,000 మందులకు వ్యయించినచో ఆ యేబదివేలును తగ్గును. 80డిడిబిలో కనబడిన వంకరయే ఇచ్చటను వేరొక రూపమున కనబడుచున్నది. ఒక చిన్న వెసులుబాటు మాత్రము కలదు: ఈ షరతు మనిషికి మనిషికి వేరుగా చూడవలసినది. భర్త పేర పాలసీ యుండి భార్య పేర లేనిచో, భర్త ప్రీమియమును, వృద్ధురాలగు భార్య వైద్యవ్యయమును కలిపి రూ.50,000 వరకు చూపవచ్చును.

ప్రభుత్వపక్షమున చెప్పదగిన సమాధానము లేకపోలేదు. ఖర్చు, బీమా రెండును చూపనిచ్చినచో ఒకే బిల్లును రెండుచోట్ల చూపి మోసగింతురని, పరిశీలించు శక్తి శాఖకు చాలదని అందురు. పదియేండ్ల క్రిందట ఈ వాదమునకు కొంత బలముండెడిది. నేడు రిటర్నులోనే పాలసీ సంఖ్య, కంపెనీ పేరు, వ్యాధి పేరు అడుగుచున్నారు. కంపెనీలు క్లెయిము తీర్చునప్పుడు ఎంత యిచ్చినదియు, ఎంత కొట్టివేసినదియు లెక్కతో సహా పత్రము నిచ్చుచున్నవి. 150 స్థలములలో ఒక్కనాడు తనిఖీ జరుపగల శాఖకు ఈ రెండు కాగితములను సరిపోల్చుట అసాధ్యమని నమ్మజాలము.

న్యాయస్థానములు ఈ విషయమున కొంత విశాలదృష్టిని చూపినవి. మోటారు ప్రమాదమున గాయపడినవాడు తన మెడిక్లెయిము పాలసీ క్రింద సొమ్ము పొందినంతమాత్రమున ప్రమాదపరిహారములో వైద్యవ్యయమును తగ్గింపరాదని బొంబాయి హైకోర్టు పూర్ణధర్మాసనము 2025 మార్చిలో తీర్పు చెప్పినది. తాను ప్రీమియము కట్టి కొనుక్కొన్న ఫలమును అపరాధి పక్షము అనుభవింపరాదన్నది దాని సారము. పన్ను విషయమున అంతదూరము పోవలెనని మేమనము. ప్రభుత్వము అపరాధి కాదు గనుక, నిజముగా తిరిగివచ్చిన సొమ్మును తీసివేయవలసినదే. కాని ప్రీమియము కట్టుట ఒక లోపమైనట్లు చూడరాదను భాగము పన్నుశాసనమునకును అన్వయించును.

ఇంతవరకు చెప్పినదంతయు పాత పన్నువిధానమును గూర్చి. కొత్తవిధానమున 80డి లేదు, 80డిడిబి లేదు. 2023-24 ఆర్థికసంవత్సరమునుండి కొత్తవిధానమే సహజవిధానమైనది. పాతది కావలెనన్నవారు కోరి తీసికొనవలెను. 2025-26 సంవత్సరమునకు కొత్తవిధానమున రూ.12 లక్షల వరకు సాధారణ ఆదాయముపై రిబేటు కలిగి పన్ను లేకపోయినది, జీతగాండ్రకు రూ.75,000 ప్రామాణిక తగ్గింపు అదనము. దీనివలన మన పట్టణములలోని చాలమంది ఉపాధ్యాయులకు, గుమాస్తాలకు మేలు కలిగిన మాట నిజము. పన్నే లేనివానికి మినహాయింపుతో పనిలేదు. ఆ హద్దు దాటినవాని సంగతి చూడుడు. ఏటికి రూ.13 లక్షల ఆదాయము గల వర్తకుడు కొత్తవిధానమున సెస్సుతో కలిపి చెల్లించునది రూ.78,000. అతని తల్లి కాన్సరుతో నున్నది. పాతవిధానమునకు పోయి, పొదుపులకు రూ.1,50,000, తన ప్రీమియమునకు రూ.25,000, తల్లి ఇతర వైద్యవ్యయమునకు రూ.50,000, కాన్సరు చికిత్సకు రూ.1,00,000 అన్నియు గరిష్ఠముగా చూపినను అతని పన్ను రూ.1,11,800 అగును! జబ్బును లెక్కింపని విధానమే, జబ్బును లెక్కించు విధానముకంటె రూ.33,800 చౌక. గృహఋణముపై వడ్డీ వంటి పెద్ద మినహాయింపు వేరొకటి తోడైనగాని పాతవిధానము గిట్టదు. ఇల్లు కట్టుకొన్నవానికి దొరకు ఆదరణ తల్లికి వైద్యము చేయించినవానికి దొరకుట లేదు.

వర్తకులకు వేరొక చిక్కును కలదు. జీతగాడు ఏ యేటికాయేడు విధానమును మార్చుకొనవచ్చును. వ్యాపారాదాయము గలవాడు 1961 శాసనము క్రింద 10-ఐఈఏ ఫారము దాఖలుచేసి పాతవిధానమునకు పోయి, మరల కొత్తదానికి వచ్చినచో, వ్యాపారమున్నంతకాలము తిరిగి పాతదానికి పోజాలడు. జీవితమున ఒక్కసారి మాత్రమే జబ్బుపడుదురని ఈ నియమమును వ్రాసినవారు తలచిరి కాబోలు.

ఇప్పుడు మన ప్రాంతపు స్థితికి వత్తము. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. వికారాబాదులో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. తాండూరులో జిల్లా ఆసుపత్రి కలదు. ఐనను కాన్సరన్నచో, గుండెకు శస్త్రచికిత్సయన్నచో, రోగిని హైదరాబాదు రైలెక్కించుటయే నేటికిని వాడుక. తాండూరు నాపరాళ్ల గనులతోను, పాలిషింగు యూనిట్లతోను, సిమెంటు కర్మాగారములతోను, కందిపప్పు మిల్లులతోను బ్రదుకు ఊరు. దాని కందులకు 2022లో భౌగోళికగుర్తింపును లభించినది. ఇచ్చటి జనమును వైద్యవ్యయపు దృష్టితో చూచినచో మూడు తెగలుగా కనబడుదురు. మొదటిది తెల్లకార్డు గల పేదలు, చిన్నరైతులు, కూలీలు. వారికి 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ కలదు. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరు 9న దాని పరిమితిని కుటుంబమునకు రూ.10 లక్షలకు పెంచినది. నెలకు రూ.21,000 లోపు జీతము గల కర్మాగారపు పనివారికి ఈఎస్ఐ కలదు. రెండవది పన్ను కట్టు ఉద్యోగులు, వర్తకులు. వారి సంగతి పైన చెప్పితిమి.

మూడవది మన పాఠకులలో చాలమందికి సంబంధించినది. ఇరువది ముప్పది ఎకరముల నల్లరేగడి గలిగి, కంది, పత్తి పండించు భూస్వామికి తెల్లకార్డు లేదు. కావున ఆరోగ్యశ్రీ లేదు. అతని వ్యవసాయాదాయముపై కేంద్రప్రభుత్వపు ఆదాయపుపన్ను లేదు. కావున వైద్యమునకు పన్ను మినహాయింపును లేదు. పన్ను లేనప్పుడు మినహాయింపు అడుగుట వింతయని పట్టణమిత్రులు నవ్వవచ్చును. నవ్వు సరియే. మేమును దానిని అన్యాయమని చెప్పుట లేదు. కాని ఫలితమేమన, పన్ను మినహాయింపు అను మార్గమున ప్రభుత్వము వైద్యమునకు చేయు సహాయమంతయు ఈ తెగను తాకకయే పోవుచున్నది. పొలము అమ్మి వైద్యము చేయించుకొనువారు మన పల్లెలలో ఎక్కువగా ఈ తెగలోనే కనబడుచుండుటకు ఇదియు ఒక కారణము. వారికి మిగిలిన ఆధారము బీమా ఒక్కటే. దానిపై 2025 సెప్టెంబరు 22 వరకు నూటికి 18 చొప్పున జీఎస్టీ వసూలైనది. పన్ను కట్టువానికి ఆ భారము 80డి రూపమున కొంత తిరిగి వచ్చెడిది. రైతునకు పూర్తిగా మీదపడెడిది. వ్యక్తులు తీసికొను ఆరోగ్యపాలసీలపై ఆ పన్నును నాటినుండి తీసివేసిరి. ఇటీవలి కాలమున వైద్యవిషయమున రైతునకు నిజముగా అందిన సడలింపు ఇదియే యని చెప్పవలెను. కంపెనీలు తాము ఇతరత్ర చెల్లించు జీఎస్టీని ఇకపై సర్దుబాటు చేసికొనుటకు వీలులేదు గనుక, ఆ భారమును మూలప్రీమియములో మెల్లగా కలుపుదురేమోనని మా అనుమానము. ప్రీమియము నోటీసును ఏటేట పోల్చిచూచుకొనుట మంచిది.

పాత విధానముననే యుండదలచినవారికి కొన్ని మాటలు. అసలు బిల్లులు బీమాకంపెనీకి పోవును గనుక, పంపుటకు ముందే ప్రతి కాగితమునకు నకలు తీసియుంచవలెను. క్లెయిము తీర్చినప్పుడు కంపెనీ యిచ్చు లెక్కపత్రము అన్నిటికంటె ముఖ్యము. ఎంత వచ్చినది, ఎంత చేతినుండి పోయినది యనుటకు అదియే సాక్ష్యము. నిపుణవైద్యుని చీటీని చికిత్స జరుగునప్పుడే వ్రాయించుకొనవలెను. ఏడాది గడచిన తరువాత ఆసుపత్రిచుట్టు తిరుగుట కష్టము. ప్రీమియమును, వృద్ధుల వైద్యవ్యయమును నగదుగా చెల్లింపరాదు. ముందుజాగ్రత్త పరీక్షలకు మాత్రము, పరిమితిలో చేరిన రూ.5,000 వరకు, నగదు చెల్లును. రిటర్ను దాఖలుచేసిన తరువాత బీమాసొమ్ము వచ్చినచో ఊరకుండక సవరించిన రిటర్ను వేయుట శ్రేయస్కరము. ‘నాకు వదలుము, పెద్దమొత్తము వాపసు తెప్పించెదను’ అను దళారిని గుమ్మమెక్కనీయరాదు. తప్పుడు లెక్కకు జరిమానా ఎగవేసిన పన్నునకు రెండింతలవరకు పోవును. దానిని కట్టునది దళారి కాదు.

కంపెనీ అన్యాయముగా కోత విధించినదని తోచినవారు ముందు కంపెనీకి వ్రాసి, ఫలింపనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఫిర్యాదు చేయవచ్చును. రుసుము లేదు; వకీలు అక్కరలేదు; రూ.50 లక్షల వరకు వివాదములను వారు విచారింతురు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపల ఫిర్యాదు చేరవలెను. పన్ను మినహాయింపుచే ఇరువదివేలు మిగుల్చుకొనుటకంటె, అక్రమముగా కొట్టివేసిన లక్షరూపాయలను రాబట్టుకొనుట మేలు. వకీలు లేనిదే వ్యవహారము నడువదను భయముచే మన జిల్లావారు ఈ ద్వారమును తట్టుటకు వెనుదీయుచున్నారేమో!

శాసనమున మార్పవలసినది ఎక్కువ లేదు. 80డిడిబికి సరియైన నూతన సెక్షనులో, బీమాసొమ్మును మినహాయింపునుండి గాక చికిత్సకైన ఖర్చునుండి తగ్గింపవలెనని ఒక్కమాట మార్చిన చాలును. 80డి స్థానమున వచ్చినదానిలో, వృద్ధుడు బీమా కట్టినను, కంపెనీ తీర్పని వైద్యవ్యయమును అదే రూ.50,000 పరిమితిలో చేర్చుకొనవచ్చునని వ్రాయవలెను. పరిమితి పెంచమని మేము కోరుట లేదు గనుక ఖజానాపై పడు భారమును స్వల్పమే. ఈ రెంటికంటె పెద్దది కొత్తవిధానపు ప్రశ్న. మినహాయింపులన్నియు తొలగించి రేట్లను తగ్గించుట ఒక సిద్ధాంతము, దానిని గౌరవింతము. ఐనను ఆ సిద్ధాంతమునకును మినహాయింపులు కలవు. యజమాని పింఛనునిధికి చెల్లించు వంతును కొత్తవిధానమునను తగ్గించి లెక్కింతురు. దానికి చోటు చేసినవారు ఘోరవ్యాధి చికిత్సకును చోటు చేయగలరు. 1860లో జేమ్స్ విల్సను దొర ఈ పన్నును మన దేశమున ప్రవేశపెట్టినది 1857 నాటి తిరుగుబాటుచే ఖాళీయైన ఖజానాను నింపుటకు. ఆనాడు రోగి మంచమును ఎవ్వరు లెక్కింతురు? నేటి శాసనమును వ్రాయువారు మన యోట్లచే ఎన్నుకొనబడినవారు.

వికారాబాదు, తాండూరు రెండును చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గములోనివి. ఫిబ్రవరిలో ఫైనాన్సు బిల్లు సభకు వచ్చును. సవరణల నిచ్చుటకు సభ్యులకు హక్కు కలదు. తాండూరు వర్తకసంఘమువారు, వికారాబాదు పింఛనుదారులు, చార్టర్డు అకౌంటెంటులు కలిసి పైరెండు సవరణలను వ్రాతమూలముగా తమ సభ్యునికి, ఆర్థికమంత్రిత్వశాఖకు జనవరిలోపల అందజేయుదురు గాక. కంపెనీల లెక్కపత్రములు, రిటర్నుల నకళ్లు, పేర్లు తొలగించి, నాలుగైదు దానికి జతపరచినచో ఏ యుపన్యాసమును అక్కరలేదు.